పైలోరీ కిట్: పెట్టెలో ఉన్నవీ, పెట్టె మీద లేనివీ

భీమవరం, పాలకొల్లు, అమలాపురం మందుల షాపుల్లో కడుపుమంటకి, పుల్లత్రేన్పులకి ఇచ్చే పైలోరీ (కడుపులో చేరే ఒక బ్యాక్టీరియా పురుగు) కిట్లలో ఒక రకం ఇది: గ్యాస్ బిళ్ళ లాన్సోప్రజోల్ 30, యాంటీబయాటిక్‌లు క్లారిత్రోమైసిన్ 250, టినిడజోల్ 500 మిల్లీగ్రాములు. ఒక్కో షీటు ఒక్క రోజుకి, పొద్దున మూడు బిళ్ళలు, రాత్రి మూడు. ఏ పూట ఏది వేసుకోవాలో తడుముకోనక్కర్లేదు. చదువు రాని పెద్దవాళ్ళకి ఈ అమరిక నిజంగా మేలు.

చిక్కల్లా మిగతా సంగతుల్లో ఉంది. లాన్సోప్రజోల్ తిండికి అరగంట ముందు పడాలి, మిగతా రెండూ తిన్నాక. మూడూ ఒకే షీటులో ఉండేసరికి టిఫిన్ అయ్యాక ఒక్కసారే మింగేస్తారు. పెట్టె ఏడు రోజులకే, ఇప్పటి వైద్య సూచనలేమో 14 రోజులంటాయి. క్లారిత్రోమైసిన్ కూడా పూటకి 500 ఉండాలి. పైగా మన దేశంలో ఈ రెండు యాంటీబయాటిక్‌లకీ లొంగని పైలోరీ ఎక్కువ. అందుకే చాలామంది డాక్టర్లు బిస్మత్ అనే మందు కూడా కలిపి నాలుగు మందులు రాస్తున్నారు. అది వాడితే మలం నల్లబడుతుంది, భయపడక్కర్లేదు. బిస్మత్ వాడకుండానే తారులా నల్లగా పోతే, రక్తం వాంతైతే, మింగుడు పడకపోతే, బరువు తగ్గుతుంటే మాత్రం ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

ఈ కిట్ వాడేటప్పుడు నోరు చేదెక్కి, ఇనుము నాకినట్టుంటుంది. మందు పడలేదనుకుని మూడో రోజుకే మానేసేవాళ్ళున్నారు. అలా మధ్యలో ఆపితే పురుగు చావదు, మొండికేస్తుంది. టినిడజోల్ వాడినన్నాళ్ళూ, ఆపాక మూడు రోజులూ కల్లు, బ్రాందీ ముట్టకూడదు. కొలెస్ట్రాల్ బిళ్ళ వాడేవాళ్ళు క్లారిత్రోమైసిన్‌కి ముందే డాక్టరుకి చెప్పాలి. ఇవన్నీ పెట్టెలో పెట్టే కాగితంలో ఉంటాయి, చీమ తలకాయంత ఇంగ్లీషులో. తెలుగులో నాలుగు ముక్కలు అచ్చేస్తే ఎంతమందికి మేలు!

పరీక్ష లేకుండా కొనకండి. పైలోరీ లేకపోతే ఈ యాంటీబయాటిక్‌లు దండగే. మలంలో యాంటిజెన్ (పురుగు తాలూకు పదార్థం) పరీక్ష లేదా శ్వాస పరీక్ష నమ్మదగినవి. గ్యాస్ బిళ్ళ రెండు వారాలు, యాంటీబయాటిక్ నాలుగు వారాలు ఆపి వెళ్ళాలి, లేకపోతే ఉన్న పురుగు కూడా లేనట్టే చూపిస్తుంది. రక్త పరీక్షలో యాంటీబాడీ (పురుగుని ఎదుర్కోడానికి ఒళ్ళు తయారుచేసేది) వచ్చిందంటే పాతదో కొత్తదో తేలదు. కోర్సు అయిన నాలుగు వారాలకి మళ్ళీ మలమో శ్వాసో పరీక్ష చేయించాలి, మంట తగ్గినా సరే.