మెషీన్ కంటే ముందు చెయ్యి పెట్టి చూశారు

తొడ వెనక కండరం పట్టేసి నేను వెళ్ళిన ఫిజియో సెంటర్‌కి ఐదుకి నాలుగు స్టార్లు. ఆ నాలుగూ మొదటిరోజు పరీక్షకే. అంతకుముందు ఇంకోచోట, నొప్పి ఎక్కడో చెప్పగానే బోర్లా పడుకోబెట్టి మెషీన్ తగిలించేశారు.

ఇక్కడ ఫిజియో మేడమ్ ముందు అడిగారు: పరిగెత్తుతుంటే ఒక్కసారిగా కలుక్కుమందా, మెల్లగా మొదలైందా? పాదం దాకా తిమ్మిరి పాకుతోందా? తర్వాత బాగున్న కాలిని పరీక్షించారు. దాంతో పోల్చకపోతే రెండోది ఎంత బిగుసుకుందో తెలియదట. వెల్లకిలా పడుకోబెట్టి, తొడను నిటారుగా పట్టుకుని మోకాలు చాపమన్నారు. మంచి కాలు దాదాపు పూర్తిగా చాచుకుంది. రెండోది సగంలోనే మొండికేసింది.

అసలు సంగతి బోర్లా తిప్పాక బయటపడింది. మడమ మీద చెయ్యి ఆనించి, "నా చేతిని వెనక్కి నెట్టండి" అన్నారు. మోకాలు 90 డిగ్రీలు మడిచినప్పుడు పర్వాలేదు. 15 డిగ్రీల దాకా చాపి అదే చేయిస్తే జివ్వుమని ప్రాణం పోయినంత పనైంది! పిరుదు కింద, మనం కూర్చునే ఎముక నుంచి వేళ్ళతో నొక్కుకుంటూ వచ్చి, బయటివైపు ఒక్కచోట ఆగారు. "బైసెప్స్ ఫెమోరిస్, పొడవు పాయ." అంటే తొడ వెనక బయటివైపు కండరానికున్న రెండు పాయల్లో పొడవైనది. లోపలివైపు కండరాలు రెండూ, సెమిటెండినోసస్, సెమిమెంబ్రనోసస్, బాగానే ఉన్నాయట. ఈ పొడవు పాయ తుంటినీ మోకాలినీ రెండింటినీ దాటుతుంది. వేగంగా పరిగెత్తేటప్పుడు, పాదం నేలకి తగలబోయే ముందు, అది సాగుతూనే కాలికి బ్రేకు వెయ్యాలి. అందుకే ఎక్కువగా దెబ్బతినేది అదేనట.

నడుము నుంచి వచ్చే నరం నొప్పేమోనని కూడా చూశారు. నడుము వంచి, తల దించి కూర్చోబెట్టి మోకాలు చాపించారు. తల ఎత్తగానే నొప్పి తగ్గితే నరాన్ని అనుమానించాలి. నాకు ఎత్తినా దించినా ఒకటే. కండరాన్ని ఎముకకి పట్టి ఉంచే స్నాయువు ఊడిన లక్షణాలు లేవు కాబట్టి ఎమ్మారై అక్కర్లేదన్నారు. అవసరం లేని స్కాన్ రాయకపోవడం నాకు నచ్చింది.

స్టారు ఎందుకు కోశానంటే, తర్వాతి విజిట్‌లో వేరే కుర్రాడు వచ్చి, ఫైల్ తెరవకుండానే "ఏ కాలండీ?" అన్నాడు. ఎక్సర్‌సైజుల కాగితం జిరాక్సుకి జిరాక్సు, బొమ్మలో మోకాలేదో మడమేదో తెలీదు. వెళ్ళేవాళ్ళు మొదటిరోజు చూసినవాళ్ళే మళ్ళీ చూస్తారా అని అడిగి అపాయింట్‌మెంట్ తీసుకోండి.