ఆడియో బుక్ చదవడానికి ఏది మేలు: పుస్తకమా, టైపు ఫైలా, ట్యాబ్‌లో పీడీఎఫా?

నవల రికార్డింగ్ మొదలుపెట్టే వాళ్లు మైకు గురించి కంటే ఎక్కువగా నన్ను అడిగేది ఇదే. మూడూ వాడాను. పోయిన నెల 300 పేజీల నవల ఒకటి ఒప్పుకున్నప్పుడు మాత్రం ట్యాబ్‌కే ఓటేశాను.

నా దృష్టిలో తేల్చాల్సింది ఒక్కటే: గుర్తులు పెట్టుకోవడం దేంట్లో తేలిక? తెలుగులో చాలాసార్లు మాట ముందొస్తుంది, ఎవరన్నారో ఎలా అన్నారో తర్వాత తెలుస్తుంది. "మీరు కూర్చోండి, ఇప్పుడే వస్తాను" అని మామూలుగా చదివేశాక కింది లైన్లో 'అంది ఏడుపు దిగమింగుకుంటూ' అని కనబడితే మళ్లీ మొదటి నుంచి చదవాల్సిందే. అందుకే ప్రతి సంభాషణ పక్కన మనిషి పేరులో మొదటి అక్షరం, ఏ గొంతుతో అన్నదీ ముందే రాసుకోవాలి. ఊపిరి గుర్తులు, అంటే ఎక్కడ ఆగి ఊపిరి తీసుకోవాలో చూపే గీతలు, ఇంకా ముఖ్యం. 'నిన్న చెరువు గట్టు మీద నాతో మాట్లాడిన ముసలాయన కొడుకు' అని ఉందనుకోండి, 'మాట్లాడిన' దగ్గర ఆగితే నాతో మాట్లాడింది కొడుకు, 'ముసలాయన' దగ్గర ఆగితే తండ్రి. అచ్చులో అక్కడ కామా ఉండదు. కథ తెలిస్తేనే గీత ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది కాబట్టి పుస్తకం మొత్తం ఒకసారి చదవకుండా మైకు ముందు కూర్చోవద్దు. 'కీ.శే.' కనబడితే 'కీర్తిశేషులు' అని, 1956 కనబడితే 'పంతొమ్మిది వందల యాభై ఆరు' అని పక్కన రాసేసుకుంటే చదివేటప్పుడు తడబాటు ఉండదు.

పుస్తకం మీద పెన్సిలంత హాయి ఇంకోటి లేదు. కానీ మార్జిన్ చాలదు, పేజీ తిప్పిన చప్పుడు మైకులో పడుతుంది, వాక్యం సగంలో పేజీ మారితే ఆగి, తిప్పి, మళ్లీ అందుకోవాలి. చిన్న కథలైతే ఒకవైపే జెరాక్స్ తీసి రెండేసి కాగితాలు పక్కపక్కన పరుచుకుని ఇప్పటికీ చదువుతాను.

టైపు ఫైలు ఉంటే సుఖమే, కాదనను. అక్షరం ఎంత పెద్దదైనా చేసుకోవచ్చు, ఒక్కో పాత్రకు ఒక్కో రంగు వేయొచ్చు, ఊపిరి తీసుకునే చోట లైను విరవొచ్చు. కష్టమంతా ఆ ఫైలు సంపాదించడంలోనే ఉంది. కంప్యూటర్‌లో కట్టిన పాత పుస్తకాలు చాలావరకు పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో, యూనికోడ్ కాని 'అను' ఫాంట్లతో కట్టినవి, అందులోది కాపీ చేసి వర్డ్‌లో వేస్తే అర్థంపర్థం లేని అక్షరాలు వస్తాయి. కన్వర్టర్‌తో మార్చినా, స్కాన్ చేసి ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాల్ని టైపు అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్) పెట్టినా తప్పులు దొర్లుతాయి. నాకు 'వెళ్లి' కాస్తా 'పెళ్లి' అయింది. అర్థం లేని తప్పును కన్ను పట్టుకుంటుంది, అర్థమున్న తప్పును మాత్రం నోరు చదివేస్తుంది, రచయిత అనని మాట ఆయన పేరు మీద వినేవాళ్ల చెవిలో పడుతుంది. అది నేను భరించలేను. పుస్తకం పక్కన పెట్టుకుని మాట మాటా సరిచూడటానికి నాకు 5 రోజులు పట్టింది. రచయితే యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనబడే పద్ధతి) ఫైలు ఇస్తే సంతోషంగా తీసుకోండి, కానీ ప్రూఫుల్లో చేసిన మార్పులు అందులో ఉండకపోవచ్చు, అచ్చు ప్రతితో పోల్చుకోండి.

ట్యాబ్‌లో పీడీఎఫ్ అయితే అచ్చయిన అక్షరం అచ్చయినట్టే ఉంటుంది, స్టైలస్‌తో (తెర మీద రాసే పెన్నుతో) పెన్సిల్ లాగే గీసుకోవచ్చు, పేజీ చప్పుడు లేకుండా జరుగుతుంది. నేను ఊపిరికి ఎరుపు, గొంతు మార్పుకి నీలం వాడతాను. తెర కనీసం 10 అంగుళాలు ఉండాలి. స్కాన్ 300 డీపీఐకి (అంగుళానికి 300 చుక్కలు) తగ్గితే వత్తులు అలుక్కుపోతాయి. ఫ్లైట్ మోడ్ మర్చిపోవద్దు. రికార్డింగ్ ఎడిటర్‌కి అదే పీడీఎఫ్ పంపితే, మళ్లీ చదవాల్సిన వాక్యం ఏ పేజీలో ఉందో ఇద్దరికీ ఒకేలా కనబడుతుంది.

ఫోన్లో చూసి చదవడం వద్దు, కళ్లు అలిసిపోతాయి. గ్రాంథికాన్ని వాడుక భాషలోకి మార్చి చదువుతామనే వాళ్లకి ఒకటే మాట, హక్కుదారు ఒప్పుకోకుండా ఆ పని చేయకండి.

ఇక ఊళ్ల పేర్లు, ఇంటి పేర్లు ఎలా పలకాలో రచయితకు ఫోన్ చేసి అడిగి, ఆ పీడీఎఫ్ మొదటి పేజీ మీదే రాసిపెట్టుకుంటున్నాను.