తుంటి నొప్పికి ఎక్స్‌రేనా, ఎంఆర్‌ఐనా?

"ఫొటోల ఏం లేదన్నరు కద సార్, మరి పోరడు కాలెందుకు ఈడుస్తుండు?"

ఉట్నూరు నుంచి రాత్రి బస్సుకి హైదరాబాద్ వచ్చిన ఒక తండ్రి, ఎక్స్‌రే కవరు నా బల్ల మీద పెట్టి అడిగాడు. కొడుక్కి పదహారేళ్లు, సికిల్ సెల్ జబ్బు. రెండు నెలలుగా కుడి తుంటి నొప్పి.

ఫిల్ము చూశాను. నిజంగానే ఏమీ లేదు. తుంటి కీలులో బంతిలా ఉండే తొడ ఎముక పైకొనకి రక్తం తెచ్చే నాళాలు సన్నవి. ఈ జబ్బులో కొడవలిలా వంగిన ఎర్ర రక్తకణాలు వాటిలో ఇరుక్కుంటే లోపలి ఎముక చచ్చిపోతుంది, పైకి బంతి మాత్రం కొన్నాళ్లు గుండ్రంగానే ఉంటుంది. ఎక్స్‌రేకి ఆ గుండ్రమే కనిపిస్తుంది. మూలుగలో మార్పుని ఎంఆర్‌ఐ ముందే పట్టేస్తుంది: చచ్చిన ముక్క చుట్టూ నల్లటి అంచు, కొన్ని చిత్రాల్లో దాని పక్కనే తెల్లటి గీత. ఈ అబ్బాయికి రెండూ కనిపించాయి. నొప్పే లేని ఎడమ తుంటిలోనూ చిన్నగా అదే గీత! రెండు వైపులా ఒకేసారి చూడగలగడం కోసమైనా నా ఓటు ఎంఆర్‌ఐకే. రేడియేషన్ కూడా ఉండదు.

అలాగని ఎక్స్‌రేని తీసిపారేయలేం. చవక, ఏ ఊళ్లోనైనా అయిపోతుంది, మొదట అదే తీయించాలి. కాకపోతే నేరుగా తీసిన ఒక్క ఫిల్ముతో సరిపెట్టొద్దు. మోకాళ్లు మడిచి కప్పలా పక్కకి వాల్చి ఇంకొకటి తీస్తే, మృదులాస్థి కింద నెలవంక లాంటి గీత అందులో బాగా తెలుస్తుంది. అది కనిపించిందంటే బంతి కుంగడం మొదలైనట్టే. బంతి అప్పటికే చదునైపోతే ఆ వైపు ఎంఆర్‌ఐ కొత్తగా చెప్పేది తక్కువ, ఆ డబ్బు మిగుల్చుకోవచ్చు.

జ్వరం కూడా ఉంటే ఎంఆర్‌ఐకీ చిక్కే. రక్తం అందక చచ్చిన ఎముక, చీము పట్టిన ఎముక రెండూ వాచినట్టే కనిపిస్తాయి. అప్పుడు రక్తపరీక్షలు, అల్ట్రాసౌండ్‌లో కీలు చుట్టూ నీరు కనిపిస్తే సూదితో తీసి చూడటం తప్పవు. రేడియేషన్ ఉంటుంది కాబట్టి సీటీ స్కాన్ జోలికి ఈ వయసులో నేను తొందరగా వెళ్లను.

ఇంకో మాట. స్కాన్ గదిలో ఏసీ చలి ఎక్కువ. సికిల్ సెల్ వాళ్లకి చలి, దాహం రెండూ పడవు. మందు ఎక్కించకుండా, మత్తివ్వకుండా తీసే స్కాన్‌కి ఖాళీ కడుపుతో ఉండనక్కర్లేదు. అబ్బాయి చేత సీసాడు నీళ్లు తాగించి, దుప్పటి కప్పాకే లోపలికి పంపాం.