మియాటాకి స్పీడుయినో, ముఖ్యంగా దాని ఐడిల్ గోల

స్పీడుయినో బోర్డుకి పెట్టిన డబ్బుకి బాధ లేదు, ఆ రేటుకి ఇంత పని చేసేది ఇంకోటి నాకు కనపడలేదు. కానీ బిగించిన రోజే ఫ్యాక్టరీ కంప్యూటర్ లాగా ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజను తిరిగే స్పీడు) కుదురుగా నిలబడుద్ది అనుకుని కొనేటట్టయితే వద్దు బాబూ.

మాది డాలస్ సైడు, బండి 92 మోడల్ మాజ్డా మియాటా కారు, 1.6 ఇంజను, టర్బో గిర్బో ఏం లేదు. స్పీడుయినో అంటే ఆర్డుయినో మెగా 2560 అనే చిన్న బోర్డు మీద నడిచే ఓపెన్ సోర్స్ ఈసీయూ (ఇంజను కంప్యూటర్), లాప్‌టాప్‌లో ట్యూనర్‌స్టూడియో అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకుని అన్నీ మనమే సెట్ చేసుకోవాలి. మియాటా క్యామ్ సెన్సర్ సిగ్నల్ ఫర్మ్‌వేర్‌కి ముందే తెలుసు, మెనూలో 4జీ63 అని మిత్సుబిషి ఇంజను పేరుతో ఉంటది, కంగారు పడకండి. బోర్డు మీద పుల్-అప్ జంపర్లు (సెన్సర్ సిగ్నల్ లైనుకి వోల్టేజ్ ఇచ్చే చిన్న క్లిప్పులు) పెడితే ఆర్‌పీఎం వచ్చేస్తది. గాలి మీటర్ తీసేసి మ్యాప్ సెన్సర్‌తో (ఇంజనులోకి పోయే గాలి ప్రెషర్ కొలిచేది) నడపొచ్చు, మాన్యువల్ 1.6లో థ్రాటిల్ సెన్సర్ ఉత్త స్విచ్చే కాబట్టి అది మార్చాలి. వైరింగ్ సంగతి ఇంతే.

అసలు కథ ఐడిలే. నేను బోర్డు కొన్న షాపు వాళ్ళు (పేరెందుకులెండి) ఇచ్చిన బేస్ ట్యూన్ (మొదట పెట్టుకునే సెట్టింగుల ఫైలు) ఎవరిదో 1.8 ఇంజెక్టర్లు వేసిన బండిది, పైగా క్లోజ్డ్ లూప్ ఐడిల్ (ఆర్‌పీఎం చూసుకుంటూ ఐడిల్ గాలి వాల్వ్‌ని బోర్డే తిప్పే పద్ధతి) ఆన్ చేసి ఇచ్చారు, నా చిన్న ఇంజెక్టర్లకి పెట్రోలు చాలక ఆర్‌పీఎం కిందకి పడటం, వాల్వ్ గాలి వదలటం, రయ్యిమని లేవటం, మళ్ళీ పడటం. ఇది చూసి చాలామంది పీఐడీ నంబర్లు (ఆ క్లోజ్డ్ లూప్ ఎంత గట్టిగా స్పందించాలో చెప్పేవి) తిప్పుతూ కూర్చుంటారు, దాని వల్ల ఒరిగేది ఏం లేదు, ముందు పెట్రోలు సరిచెయ్యాలి.

ఫ్యాక్టరీ ఇంజెక్టర్లతో రిక్వైర్డ్ ఫ్యూయల్ (సిలిండర్ నిండా గాలికి ఇంజెక్టర్ ఎంతసేపు తెరిచి ఉండాలనేది) లెక్కేస్తే 12 మిల్లీసెకన్ల చుట్టుపక్కల వస్తది. తర్వాత క్లోజ్డ్ లూప్ ఆఫ్, ఓ2 కరెక్షన్ (ఆక్సిజన్ సెన్సర్ చూసి పెట్రోలు దిద్దేది) కూడా ఆఫ్. రెండూ ఆన్‌లో ఉంటే ఒకే స్టీరింగ్ ఇద్దరు పట్టుకున్నట్టే. ఇంజను బాగా వేడెక్కాక వీఈ టేబుల్లో (ఎక్కడ ఇంజను ఎంత గాలి పీలుస్తదో చెప్పే పట్టిక, పెట్రోలు లెక్క దీని మీదే) ఐడిల్ చుట్టూ ఉన్న గళ్ళు దాదాపు ఒకే నంబరుకి తేవాలి, ఎందుకంటే 100 ఆర్‌పీఎం పడగానే పక్క గడిలో నంబరు బాగా తేడాగా ఉంటే మిక్చర్ మారిపోయి ఊగటం అక్కడే మొదలవుద్ది. నా బండికి గాలి-పెట్రోలు నిష్పత్తి 14.7 కన్నా కొంచెం రిచ్‌గా (పెట్రోలు ఎక్కువగా), 14 దగ్గర హాయిగా ఉంది. ఇంకోటి, ఇక్కడి బంకుల్లో దాదాపు అంతా ఈ10 (పది శాతం దాకా ఎథనాల్ కలిపిన) పెట్రోలే, దానికి అసలు నిష్పత్తి 14.1 దాకా ఉంటది, గేజ్ మాత్రం 14.7 లెక్కే చూపిస్తది, అందుకే లాంబ్డా (ఆ పెట్రోలు అసలు నిష్పత్తితో పోలిస్తే ఎంత అనేది, 1 అంటే సరిగ్గా) చూసుకోవటం మేలు.

తర్వాత టైమింగ్, అంటే స్పార్క్ ఎంత ముందు పడాలనేది. 850 దగ్గర 10 డిగ్రీలు పెట్టి, దానికన్నా కింద ఆర్‌పీఎంలో కొంచెం ఎక్కువ, పైన కొంచెం తక్కువ ఇస్తే సగం కుదురు దానికే వస్తది, స్పార్క్ వెంటనే పని చేస్తది, గాలి వాల్వ్ మాత్రం బద్ధకం. ఐడిల్ అడ్వాన్స్ కంట్రోల్ అని దీనికే వేరే పేజీ ఉంది, స్పీడుయినోలో నాకు బాగా నచ్చింది అదే.

లైట్లు పైకి లేచేటప్పుడు మోటార్లు కరెంటు లాగితే ఆర్‌పీఎం డల్ అయ్యేది, అంతా ఆల్టర్నేటర్ అంటారు గానీ వోల్టేజ్ పడితే ఇంజెక్టర్ తెరుచుకోవటానికి ఎక్కువ టైం పట్టి లీన్ (పెట్రోలు తక్కువ) అవుతోంది, బ్యాటరీ వోల్టేజ్ కరెక్షన్ టేబుల్ సరిచేస్తే చాలావరకు పోయింది.

ఇవన్నీ అయ్యాకే ఐడిల్ వాల్వ్. 1.6లో చల్లగా ఉన్నప్పుడు అదనపు గాలి వదిలే మైనం వాల్వ్ వేరే ఉంది కాబట్టి కోల్డ్ డ్యూటీ (చల్లగా ఉన్నప్పుడు ఐడిల్ వాల్వ్ ఎంత తెరవాలనేది) మరీ పెంచక్కర్లేదు. థ్రాటిల్ బాడీ మీద స్క్రూతో బేస్ సెట్ చేసి ఓపెన్ లూప్‌లోనే (ఆర్‌పీఎం చూడకుండా ముందే పెట్టిన నంబర్లతో) వదిలేశా, క్లోజ్డ్ లూప్ అవసరమే రాలేదు.

ట్యూనర్‌స్టూడియో ఫ్రీగా వాడుకోవచ్చు, ఆటో ట్యూన్ (బండి నడుపుతుంటే వీఈ టేబుల్ తనే దిద్దేది) కావాలంటే మాత్రం రిజిస్టర్ చేసుకోవాలి, డబ్బులు పెట్టండి, క్రూజింగ్‌లో బోలెడు టైం మిగులుద్ది, ఐడిల్ గళ్ళు మాత్రం దానికి వదలకుండా లాక్ చేసుకోండి. ఏసీ వేసినప్పుడు ఐడిల్-అప్ (ఏసీ లోడుకి ఐడిల్ కొంచెం పెంచటం) ఇంకా నాకు నచ్చినట్టు కుదర్లేదు, టెక్సాస్ ఎండాకాలం వచ్చేలోపు దాని పని పట్టాలి.