పాత ఇల్లు బాగు చేయిస్తున్నారా? బైబిల్ వాక్యం చెప్పి బయానా తీసుకునేవాళ్లతో జాగ్రత్త

అందరికీ వందనాలు. మహబూబ్‌నగర్, జడ్చర్ల, కల్వకుర్తి, దేవరకొండ వైపు తాతల నాటి ఇల్లు రిపేరు చేయించుకోవాలని అనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మన క్రైస్తవ సంఘాల్లో ఉన్నవాళ్లు తప్పకుండా చదవండి, ఎందుకంటే మా అమ్మను మోసం చేసిన మనిషి తిరిగేది మన కూడికల్లోనే. అతని పేరు ఇక్కడ రాయను. ఫిర్యాదు నడుస్తోంది, పైగా ఆ ఒక్కడినీ తప్పించుకుంటే సరిపోదు, అదే పద్ధతిలో పని పట్టేవాళ్లు ఇంకా ఉన్నారని తర్వాత తెలిసింది. అందుకే పద్ధతి మొత్తం చెప్తున్నాను.

మా ఇల్లు జడ్చర్లకు దగ్గర్లోని పల్లెలో ఉంది. రాతి పునాది, మందపాటి మట్టి గోడలు, వాటి మీద సున్నం పూత, పైన టేకు దూలాలూ దంతెలూ వేసిన మిద్దె, కింద షాబాద్ బండలు. తాతయ్య మెన్నొనైట్ మిషన్ బడిలో చదువుకున్నాడు, ఊళ్లో చర్చి లేని రోజుల్లో ఆదివారం ఆరాధన మా ముందు గదిలోనే జరిగేది. నాన్న పోయాక అమ్మ ఒక్కతే ఉంటోంది. మిద్దె కురుస్తోంది, గోడలకు చెమ్మ. పట్నం వచ్చి మా దగ్గర ఉండమంటే రాదు. ఆ గదిలో మళ్లీ స్త్రీల ప్రార్థన పెట్టించాలని ఆమె కోరిక, దాని కోసమే పైసా పైసా కూడబెట్టింది.

ఆ మనిషి పరిచయమైంది ఒక గృహ కూడికలో. వచ్చి ఇల్లు చూశాడు, గోడ మీద చెయ్యి పెట్టి కన్నీళ్లతో ప్రార్థన చేశాడు, యెహోవా కట్టించకపోతే కట్టేవాళ్ల కష్టం వ్యర్థమనే 127వ కీర్తన చెప్పాడు. మొత్తం 6,50,000కు గుత్త. మిద్దె తీసి స్లాబ్, గోడలకు సిమెంటు గిలాబు (ప్లాస్టరింగ్), లప్పం (పుట్టీ), రంగులు, కరెంటు పని, అన్నీ అందులోనే. కాగితం రాసుకుందామంటే, "దేవుని ఎదుట మాట ఇచ్చాక మన మధ్య కాగితం ఎందుకమ్మా" అన్నాడు. సిమెంటు రేటు పెరిగేలోపు సామాను కొనాలని 2,00,000 బయానా అడిగాడు. అమ్మ ఇచ్చింది. తర్వాత ఏదో ఒక వంకతో అడుగుతూ వచ్చి మొత్తం 4,60,000 తీసుకున్నాడు, పని సగం కూడా కాలేదు.

ముందు కలప సంగతి చెప్తాను, ఎందుకంటే చాలామంది దీన్ని పట్టించుకోరు. మిద్దె విప్పిన రోజు దూలాలు, దంతెలు, లోపలి దర్వాజ చౌకట్టు అన్నీ ట్రాక్టర్‌లో ఎక్కించి పంపేశాడు. "చెదలు పట్టిన చెత్తమ్మా, పారేయడానికి కిరాయి నేనే పెట్టుకుంటున్నా" అన్నాడట. నిజానికి అది పాత టేకు. ఏళ్ల తరబడి ఆరిన చేవ కలప, టింబర్ డిపోలో సీఎఫ్టీ (ఘనపుటడుగు) లెక్కన వేలల్లో పలుకుతుంది. చివరలు పుచ్చినా మధ్య భాగం కోత మిల్లులో చెక్కితే కొత్త దర్వాజలు, కిటికీలు వస్తాయి. అంత కలపా ఎక్కడికి పోయిందో మాకు ఇప్పటికీ చెప్పలేదు. కాబట్టి విప్పే ముందే ప్రతి దూలం పొడవు, వెడల్పు, మందం కొలిచి రాసుకోండి, ఫోటోలు తీయండి, విప్పిన కలప ఇంటి యజమానిదే అని ఒప్పందంలో పెట్టించండి. చెదలు పట్టిందో లేదో గడ్డపారతో కొట్టి చూస్తే అక్కడికక్కడే తెలుస్తుంది. గుల్లయితే బద్దలవుతుంది, గట్టిదైతే గణగణమంటుంది.

ఇంక గోడలు. మట్టి గోడ నేలలోంచి తేమ పీలుస్తుంది. అది దాని గుణం. సున్నం పూత ఆ తేమను బయటకు వదులుతుంది కాబట్టే ఈ ఇళ్లు ఇన్నేళ్లు నిలబడ్డాయి. దాని మీద సిమెంటు గిలాబు చేస్తే తేమకు దారి మూసుకుపోతుంది, గోడలోనే పైకి ఎక్కుతుంది, ఉప్పు తేలుతుంది, లోపలి మట్టి మెత్తబడుతుంది. ఆ మనిషి సున్నం చెక్కకుండా నేరుగా దాని మీదే సిమెంటు పూయించి, లప్పం పెట్టి, రంగు వేసేశాడు. చూడటానికి కొత్త ఇల్లే. వానాకాలం వచ్చేసరికి నడుము ఎత్తు వరకు రంగు పొక్కింది, వేలితో తడితే డొల్ల శబ్దం, తర్వాత ఆ పూత పెచ్చులు పెచ్చులుగా ఊడిపడింది. అమ్మ అప్పుడు లేవీయకాండము 14వ అధ్యాయం తీసి చూపించింది. ఇంటి గోడలకు చారలు కనబడితే యాజకుడు వచ్చి చూడాలి, ఏడు రోజులు ఇల్లు మూసి మళ్లీ చూడాలి, పాడైన రాళ్లు ఊడదీయాలి, గోడ గీకించాలి, అప్పుడే వేరే రాళ్లు పెట్టి కొత్త అడుసు పూయాలి, ఆ తర్వాత కూడా మళ్లీ చూడాలి. ఇంటికి చెమ్మ పడితే కారణం చూడకుండా పైన పూయకూడదని అంత పాత గ్రంథంలో ఉంది, దేవుని పేరుతో పని పట్టినవాడికి అది తెలియకపోవడం మా అమ్మకు చాలా బాధ కలిగించింది.

స్లాబ్ సంగతి ఇంకా ప్రమాదం. ముందు గది 12 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు. పిల్లర్లు లేవు, బీములు లేవు, మట్టి గోడల మీదే 5 అంగుళాల స్లాబ్ పోశాడు. ఆ కాంక్రీటు ఒక్కటే దాదాపు 7 టన్నుల బరువు. గది మూలల్లో ఏటవాలుగా పగుళ్లు వచ్చాయి. మహబూబ్‌నగర్ నుంచి ఒక స్ట్రక్చరల్ ఇంజనీరును తీసుకొచ్చి చూపిస్తే, ముందు అమ్మను ఆ గదిలో పడుకోనివ్వద్దని, వెంటనే కింద జాకీలు పెట్టించమని చెప్పాడు. మట్టి గోడల ఇంటికి స్లాబ్ కావాలంటే పునాది నుంచి పిల్లర్లు లేపి బరువు వాటి మీదికి తేవాలి, లేదా స్లాబ్ మాటే వదిలేసి తేలికపాటి పైకప్పు వేసుకోవాలి. ఇది తెలియక పల్లెల్లో మిద్దె తీసి స్లాబ్ వేయించుకుంటున్నవాళ్లు చాలామంది ఉన్నారు. దయచేసి ఇంజనీరుకు ఫీజు ఇచ్చి చూపించాకే గోడ ముట్టుకోండి. పని పట్టినవాడు తీసుకొచ్చే ఇంజనీరు కాదు, మీరు పిలిచిన ఇంజనీరు.

స్లాబ్‌లో వేసే ఇనుప సలాకల్లోనూ మోసమే. లెక్కలో 12 ఎంఎం అని చెప్పాడు, స్లాబ్ అంచున బయటికి వచ్చిన సలాకలు కొలిస్తే 8 ఎంఎం. దీన్ని పట్టుకోవడం చాలా తేలిక. 12 మీటర్ల సలాక ఒక్కటి 12 ఎంఎందైతే 10 కిలోలు దాటి, దాదాపు 10.6 కిలోలు తూగాలి, అదే 8 ఎంఎందైతే 4.7 కిలోలే. కాంటా చీటీ అడగండి, పోసే ముందు రోజు మీరే కొలిచి ఫోటో తీసుకోండి. సిమెంటు బస్తా మీద తయారైన వారం, సంవత్సరం ముద్ర ఉంటుంది, మూడు నెలలు దాటింది వద్దనండి.

నేను ఫోన్ చేసి లెక్క అడిగినప్పుడు అతను ఇచ్చిన జవాబు మీకూ ఎదురవుతుంది, అందుకే రాస్తున్నాను. రెండవ రాజులు 12వ అధ్యాయంలో మందిరం బాగు చేసిన పనివాళ్లు నమ్మకస్థులు కాబట్టి వాళ్లను లెక్క అడగలేదని ఉంది కదా, మీరు నన్ను అడగడం విశ్వాసులకు తగునా అన్నాడు. నిజమే, ఆ మాట అక్కడ ఉంది. కానీ అదే అధ్యాయం మొదటి నుంచి చదవండి. సొమ్ము చేతికి వస్తున్నా యోవాషు రాజు ఏలుబడి 23వ ఏడు వరకు యాజకులు మందిరం బాగు చేయలేదు. అప్పుడు రాజు నిలదీశాడు, ఇకపై సొమ్ము మీరు పుచ్చుకోవద్దన్నాడు. మూతకు రంధ్రం చేసిన పెట్టె పెట్టారు. పెట్టె నిండినప్పుడల్లా రాజు తరఫు మనిషి, ప్రధానయాజకుడు ఇద్దరూ కూర్చుని లెక్కపెట్టి సంచుల్లో కట్టి, అప్పుడు పనివాళ్లకు ఇచ్చేవాళ్లు. అంత కట్టుదిట్టం అయ్యాక, పని కళ్ల ముందు జరుగుతుండగా వచ్చిన మాట అది. ఒక్క వచనం పీకి ఒక విధవరాలి నోరు మూయించడానికి వాడటం నాకు డబ్బు పోయినదానికన్నా ఎక్కువ కోపం తెప్పించింది.

తర్వాత మేము మత్తయి 18లో యేసు ప్రభువు చెప్పిన వరుసలోనే వెళ్లాం. అమ్మ ఒంటరిగా మాట్లాడింది. ఇద్దరు పెద్దలను తీసుకుని మళ్లీ మాట్లాడింది. అతను ఏడ్చాడు, నెలలోపు సరిచేస్తానన్నాడు, చేయలేదు. సంఘం ముందు పెట్టాం. అప్పుడు రావడం మానేసి ఇంకో ఊరి సంఘానికి పోయాడు, అక్కడ కూడా పని పట్టాడని విన్నాం. కొందరు పెద్దలు మొదటి కొరింథీ 6 చూపించి సహోదరుని మీద కేసు వేయకూడదు, నష్టం భరించమన్నారు. ఆ మాటను తేలిగ్గా తీసుకోలేదు, అమ్మ దాని కోసం ఉపవాసం ఉండి ప్రార్థించింది. చివరికి ఆమె అన్నది ఇది: నా నష్టం ఒక్కటే అయితే భరిస్తాను, కానీ ఆ స్లాబ్ ఇంకో ఇంట్లో పిల్లల మీద పడితే నేను ఊరుకున్నందుకు దేవునికి జవాబు చెప్పాలి. సంఘం మాట కూడా విననివాడిని బయటివాడిలా ఎంచుకోమని అదే మత్తయి 18లో ఉంది. పౌలు కూడా అన్యాయం జరుగుతుంటే కైసరు ఎదుట చెప్పుకుంటానన్నాడు. మా పాస్టర్ గారు మాతో పాటు వచ్చి సాక్షిగా సంతకం పెట్టారు.

ఇలాంటి పరిస్థితిలో ఉన్నవాళ్లకు చట్టం గురించి రెండు మాటలు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద ఇల్లు కట్టే పని కూడా సేవే, పని నాసిరకంగా చేస్తే సేవాలోపం కిందికి వస్తుంది. మీరు ఉండే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు, అతను ఎక్కడివాడైనా సరే. ఇచ్చిన సొమ్ము 5 లక్షలలోపు అయితే ఫీజు లేదు. నష్టం జరిగిన రెండేళ్లలోపు వేయాలి, ఇది మర్చిపోకండి, "చేస్తా చేస్తా" అంటూ గడువు దాటించడమే వీళ్ల ఎత్తు. ఏం చేయాలో తోచకపోతే 1915కు ఫోన్ చేస్తే దారి చెప్తారు. కాగితం లేదని వదిలేయకండి. మాకు ఒప్పంద పత్రం లేదు, కానీ ఫోన్‌పే చెల్లింపులు, వాట్సాప్‌లో అతను పంపిన వాయిస్ మెసేజ్‌లు, ఇంజనీరు రిపోర్టు ఉన్నాయి, వాటితోనే ఫిర్యాదు వేశాం. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి, పాడైన పనిని ఫోటోలు, వీడియోలు, ఇంజనీరు రిపోర్టు లేకుండా మీ అంతట మీరు పగలగొట్టించకండి, రుజువు పోతుంది. మా ముందు గది స్లాబ్‌ను అందుకే ఇంకా తీయలేదు, జాకీల మీదే ఉంది.

వెనక గదుల గోడలు మాత్రం బాగయ్యాయి. పక్క ఊరి నుంచి ఒక పెద్దాయన వచ్చాడు, పాత సుతారి (తాపీ మేస్త్రి), ముస్లిం. సిమెంటంతా చెక్కించి గోడలను చాలా రోజులు ఆరనిచ్చాడు, సున్నం నానబెట్టి, కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపి పూశాడు. ఏ రోజు ఎంత పని అయితే అంతకే డబ్బు తీసుకున్నాడు, అడగకముందే చీటీ రాసిచ్చాడు. అమ్మ ప్రతి ఉదయం పని మొదలయ్యే ముందు ప్రార్థన చేస్తుంటే ఆయన పనివాళ్లను నిలబెట్టి తానూ నిలబడేవాడు.

మీరు పని ఎవరికి ఇచ్చినా, విశ్వాసి అయినా కాకపోయినా, ఒప్పందం తెల్ల కాగితం మీదైనా రాసుకుని ఇద్దరు సాక్షులతో సంతకాలు పెట్టించండి. బయానా పదో వంతు మించనివ్వకండి, మిగతాది పని అయిన మేరకు ఇవ్వండి, చివరి భాగం ఒక వానాకాలం గడిచాక ఇస్తామని ముందే రాసుకోండి. నిజమైన విశ్వాసి దీనికి నొచ్చుకోడు. అతను ఇంతకుముందు చేసిన రెండు పాత ఇళ్లకు వెళ్లి, కాంట్రాక్టరు పక్కన లేనప్పుడు ఆ ఇంటివాళ్లతో మాట్లాడండి, గోడను వేలితో తట్టి చూడండి.

ఈ పద్ధతిలోనే, ఏడ్చి ప్రార్థన చేసి బయానా తీసుకున్న మనిషికి డబ్బు ఇచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే కింద రాయండి, పేరు, ఊరు ఇక్కడ పెట్టకండి, నేనే మెసేజ్ చేస్తాను. ఒకే మనిషి వల్ల ఒకే రకంగా నష్టపోయినవాళ్లు కమిషన్ అనుమతితో కలిసి ఫిర్యాదు వేసే వీలుంది, ఇప్పటికే ఇంకో కుటుంబం మాతో మాట్లాడింది.