కారులోకి వాన నీళ్ళు వచ్చీస్తున్నాయా? విజయనగరంలో ఈ షెడ్డుకి వెళ్ళండి

మాది 2008 మోడల్ వ్యాగన్ ఆర్, నాన్నగారు కొన్న బండి, అమ్మే ఉద్దేశం లేదు. పోయినేడు వానాకాలం మొదలైన దగ్గర్నుంచి ముందు ఎడమ పక్క మ్యాట్ ఎత్తితే చాలు నీళ్ళు. తుడవడం, డోర్లు తీసి ఎండలో పెట్టడం, బంగాళాఖాతంలో అల్పపీడనం అనగానే మళ్ళీ మొదలు. అమ్మ ఆ సీట్లోనే కూర్చుంటాది, ఒకరోజు గజపతినగరం వెళ్ళొస్తుంటే కాళ్ళు తడవకుండా పైకి మడుచుకుని కూర్చుంది, చూసి నిజంగా బాధేసింది. దానికి తోడు బూజు వాసన, ఏసీ వేస్తే పాపకి తుమ్ములు ఆగవు.

ఇక్కడికి రాకముందు వేరే చోట చూపించాను, పేరు వద్దులెండి. చూడగానే ముందు అద్దం రబ్బరు పోయిందని చెప్పి చుట్టూ సిలికాన్ పూసీసి 1,500 తీసుకున్నారు, వారం తిరక్కుండా మళ్ళీ నీళ్ళు. ఇంకోచోట ఫ్లోర్‌కి డ్రిల్లుతో కన్నం పెట్టేద్దాం, వచ్చిన నీళ్ళు కిందకి పోతాయి అన్నారు, నేను ఒప్పుకోలేదు. కన్నం పెడితే అక్కడ తుప్పు మొదలవుతుంది, రోడ్డు మీద నీళ్ళు కింద నుంచి కూడా ఎగజిమ్ముతాయి కదా.

ఈ షెడ్డు గురించి మా ఆఫీసులో ఒకన్నయ్య చెప్పాడు. రేకుల షెడ్డు, రెండు బండ్లు పడతాయి అంతే. మెకానిక్ గారు పెద్దాయన, ఇంకో కుర్రాడు ఉంటాడు. నాకు అక్కడే నమ్మకం కుదిరింది, ఎందుకంటే ఆయన బండి ముట్టుకోకముందే అడిగాడు. "వాన పడితేనే వస్తాదా బావూ, ఎండరోజు ఏసీ వేసినా వస్తాదా? ఇంటికాడ బండి ఏ చెట్టుకింద పెడతావు?" అని. నిద్రగన్నేరు చెట్టు కింద అన్నాను, తలూపాడు. తర్వాత మ్యాట్ కింద నీళ్ళలో వేలు ముంచి రుద్ది వాసన చూశాడు. కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) అయితే జారుగా, తియ్యటి వాసనతో ఉంటుందట, అది హీటర్ దగ్గర్నుంచి కారినట్టు. ఇది ఉత్త నీళ్ళే, బోనెట్ కింద కూలెంట్ డబ్బాలో లెవెల్ కూడా సరిగ్గానే ఉంది. ఏసీ పది నిమిషాలు ఆన్ చేసి ఉంచితే బండి కింద చుక్కలు చక్కగా పడుతున్నాయి, కాబట్టి ఏసీ నీళ్ళు బయటికి పోయే పైపూ మూసుకుపోలేదు. ఇంత సేపూ ఒక్క స్క్రూ కూడా విప్పలేదు.

అప్పుడు సీటు తీసి కార్పెట్ ఎత్తారు. పైన ఆరినట్టే ఉంది గానీ కింద దళసరిగా పీచులాంటి ఫెల్ట్ ఉంటుంది, అది పిండితే సగం బకెట్ నీళ్ళు! నేను ఇన్నాళ్ళూ పైపైన తుడిచి ఆరిపోయిందనుకున్నాను. సీటు బోల్టుల దగ్గర తుప్పు అప్పటికే పట్టేసింది.

తర్వాత నీళ్ళ పరీక్ష. నన్ను లోపల ఫోన్ లైటుతో కూర్చోమన్నాడు, కుర్రాడు బయట పైపు పట్టుకున్నాడు. పైపు ధార గట్టిగా కాకుండా వానలా జారేట్టు పెట్టి ముందు డోర్ కింది భాగం, ఐదు నిమిషాలయ్యాక కొంచెం పైకి, అలా. "పైనుంచి ఒకేసారి పోసీస్తే అన్నీ తడిసిపోతాయి, ఎక్కడ్నించొచ్చిందో మనకేటి తెలుస్తాది" అన్నాడు. వైపర్ల కింద జాలీ మీద పోసేసరికి గ్లవ్‌బాక్స్ కింద బ్లోయర్ దగ్గర్నుంచి జరజరా కారింది. జాలీ విప్పితే లోపల నల్లటి బురద, నిద్రగన్నేరు ఆకులు కుళ్ళి ముద్దయిపోయి నీళ్ళు పక్కకి దిగే దారి పూర్తిగా మూసుకుపోయింది, ఆ బురదలో వేలెడంత మొక్క కూడా మొలిచింది! నీళ్ళు పోయే దారి లేక పైకి నిండి, గాలి పీల్చే కన్నంలోంచి లోపలికి పొర్లుతున్నాయి. అద్దం రబ్బరుకి ఏమీ కాలేదు, ఆ సిలికాన్ అనవసరం.

వేరే వాళ్ళయితే దొరికింది కదా అని బిగించి పంపేవారు. ఈయన శుభ్రం చేశాక మళ్ళీ మొదట్నుంచి నీళ్ళు పోయించాడు. ఈసారి డోర్ అద్దం మీద పోస్తుంటే స్పీకర్ వైరు వెంట ఒక్కో చుక్క జారి గడప మీద పడుతోంది, లైటు వేసి కళ్ళు పెట్టుకుని చూస్తే తప్ప కనపడదు. డోర్ ప్యాడ్ విప్పితే వెనకాల ఉండాల్సిన ప్లాస్టిక్ షీటు సగం ఊడి వేలాడుతోంది. రెండేళ్ళ క్రితం పవర్ విండో మోటారు మార్పించాను, అప్పుడు ఎవరో షీటు పీకి మళ్ళీ అతికించలేదన్నమాట. అద్దం మీద పడ్డ నీళ్ళు డోర్ లోపలికి దిగడం మామూలేనట, ఏ కారుకైనా అంతేనట, కింద కన్నాల్లోంచి బయటికి పోవాలి, ఆ షీటు వాటిని సీటు వైపు రాకుండా ఆపాలి. మాకు కింది కన్నాలు కూడా మట్టితో పూడుకుపోయాయి, తీగ పెట్టి పొడిస్తే ఎర్రటి బురద నీళ్ళు మగ్గుడు వచ్చాయి. కొత్త షీటు కోసి, నల్లటి జిగురు టేపుతో (బ్యుటైల్ టేపు) అతికించి, కింది అంచుని డోర్ లోపలికి దోపి పెట్టాడు. ఆ అంచు బయటికి ఉంటే షీటు ఉన్నా లాభం లేదని నాకు దగ్గరుండి చూపించాడు.

మిగతా డోర్లకి పది రూపాయల నోటు పెట్టి మూసి లాగి చూశాడు. వెనక కుడి డోర్‌కి నోటు సులువుగా వచ్చేసింది, అంటే అక్కడ రబ్బరు వదులన్నమాట. కొత్త బీడింగ్ (డోర్ చుట్టూ ఉండే రబ్బరు) అమ్మేయొచ్చు, అమ్మలేదు, పాతదాన్నే తీసి లోపలి రేకు నొక్కి బిగించి ఎక్కించాడు.

మూడు రోజులు బండి అక్కడే ఉంచాల్సి వచ్చింది, కార్పెట్ ఆరడానికే రెండు రోజులు పట్టింది. తుప్పు గీకి ప్రైమర్ కొట్టడం, షీటు, టేపు అన్నీ కలిపి 2,650 అయింది. నా దృష్టిలో చాలా న్యాయమైన రేటు. ఇబ్బందులు కూడా చెప్పాలి: బిల్లు ఇవ్వరు, కాగితం మీద రాసిస్తారు. ఫోన్ ఒక్కోసారి ఎత్తరు. కూర్చోడానికి నీడ తక్కువ. డిక్కీ లైటు రబ్బరు కూడా పాడైందని చెప్పాడు గానీ అది దొరకలేదు, తెప్పిస్తానన్నాడు, ఇంకా రాలేదు.

మొన్న రాత్రంతా కుండపోత. ముందే మ్యాట్ కింద పేపరు పరిచి ఉంచాను, పొద్దున్నే తీస్తే కరకరలాడుతోంది. అమ్మకి కూడా చూపించాను.

వెళ్ళేవాళ్ళు పొద్దున్న తొమ్మిది లోపు వెళ్ళండి, నీళ్ళ పరీక్షకి కనీసం రెండు గంటలు పడుతుంది. పైడితల్లమ్మ పండగకి తొలేళ్ళు, సిరిమాను రెండు రోజులూ షెడ్డు తియ్యరు.