పిండిమర గోడ మీద సిరిమాను

విజయనగరంలో మూడు లాంతర్లకు కూతవేటు దూరంలో మాది పిండిమర. వీధివైపు గోడ 14 అడుగుల పొడవు, 6 అడుగుల ఎత్తు. పైన పోస్టర్లు, కింద మగవాళ్ల నిర్వాకం. దేవుళ్ల టైల్స్ అతికించమని చాలామంది చెప్పారు. అమ్మవారిని కాపలా పనికి పెట్టడానికి నాకు మనసొప్పలేదు. పైడితల్లి అమ్మవారి సిరిమాను ఊరేగింపు బొమ్మ వేయిద్దామనుకున్నాను, అది ఊరందరిదీ కదా. ఫ్లెక్సీలు రాకముందు దుకాణాల బోర్డులు రాసిన ఒక ఆర్టిస్టును పిలిచాను. చదరపు అడుగుకు 90 రూపాయలు, రంగులతో కలిపి మొత్తం 7,560.

మొదటి రోజు బొమ్మ జోలికే పోలేదు. పోస్టర్లను నానబెట్టి గీకడం, పగుళ్లకు లప్పం పెట్టడం, ప్రైమర్ వేయడంతోనే సరిపోయింది. మర్నాడు దారం లాగి గళ్లు కొట్టి, కాగితం మీది బొమ్మను గడి గడికీ గోడకెక్కించారు. సిరిమాను, అంటే ఊరేగించే పొడవాటి చింతమాను, ఈ చివర నుంచి ఆ చివరకు ఏటవాలుగా లేచింది. కొసన కుర్చీలో పూజారి. ఆయన ముఖం బొటనవేలి గోరంత ఉంటుంది, అందులోనే కళ్లు, మీసం, బొట్టు.

నాలుగో రోజు బియ్యం ఆడించుకోవడానికి వచ్చిన ఎదురింటి మామ్మగారు గోడంతా చూసి, "వల ఏది నాయనా?" అన్నారు. సిరిమాను ముందు నడిచే పాలధార బృందం, తెల్ల ఏనుగు, అంజలి రథం అన్నీ ఉన్నాయి. బెస్తవారి వల లేదు. "తప్పయిపోయింది తల్లీ" అని, జనంలో ఇద్దరిని చెరిపి, ఆ చోట సన్న కుంచెతో ముడి ముడీ వేస్తూ వల అల్లారు. చెరిపిన ఇద్దరూ నేనూ మా ఆయనా. బతిమాలి వేయించుకున్నాం మరి!

లోపాలూ చెప్పాలి. మూడు రోజుల పని అని ఐదు రోజులు చేశారు. పక్కనే మురుగు కాలువ ఉంది, అడుగున చెమ్మ ఆరకముందే ప్రైమర్ వేశారు. తొలి వానలకే జానెడు మేర రంగు పొక్కి రాలింది. నాలుగుసార్లు ఫోను చేస్తే మూడు వారాలకు వచ్చారు. గీకి, ఎండనిచ్చి, ముదురు గోధుమరంగు పట్టీ వేసి వెళ్లారు. అందుకు డబ్బు అడగలేదు.

ఐదుకు నాలుగు ఇస్తాను. మొన్న మైదా బకెట్టుతో వచ్చిన పోస్టర్ల కుర్రవాడు గోడ ముందు కాసేపు నిలబడి, పక్కనున్న కరెంటు స్తంభానికి అతికించి వెళ్లాడు. మీరు చేయించుకుంటే వేసవిలోనే చేయించండి. దసరా దగ్గరపడితే ఆయన దొరకరు.